పాత 325ఐకి బాష్ కూలెంట్ టెంపరేచర్ సెన్సార్: మరిగే నీళ్లలో పెట్టి చూశాకే బిగించాను

ఈ బాష్ సెన్సార్ (పార్ట్ నంబర్ 0 280 130 026) కొనొచ్చా అంటే, నిస్సందేహంగా కొనండి అంటాను. కాకపోతే బిగించే ముందు వేడి మీద ఒకసారి మల్టీమీటర్ పెట్టి చూడండి.

మాది 1989 బీఎండబ్ల్యూ 325ఐ, న్యూజెర్సీలో ఉంది. ఆరు సిలిండర్ల ఎం20 ఇంజన్, దాన్ని నడిపే కంప్యూటర్ బాష్ మోట్రానిక్ 1.3. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన గుప్పుమనేది, ప్లగ్గులు విప్పితే నల్లటి మసి. డాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు మాత్రం నడిమధ్యలోనే ఉండేది. ఆ ముల్లుని చూసి సెన్సార్ బాగానే ఉందనుకోకండి. థర్మోస్టాట్ దగ్గర రెండు సెన్సార్లుంటాయి: గోధుమరంగుది ముల్లుకి, నీలంది కంప్యూటర్‌కి. నీలంది "ఇంకా చల్లగానే ఉంది" అని చెబుతున్నంతసేపూ కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది.

లోపలున్నది ఎన్‌టీసీ థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది: 20 డిగ్రీల దగ్గర 2,500 ఓమ్‌లు, 80 దగ్గర సుమారు 320, 100 దగ్గర 186. గిన్నెలో నీళ్లు పొయ్యి మీద పెట్టి, పాత సెన్సార్, కొత్త బాష్, చవగ్గా దొరికిన ఇంకో కంపెనీది, మూడింటినీ గిన్నె అడుగుకి తగలకుండా వైరుతో వేలాడదీశాను. పక్కనే వంట థర్మామీటర్. చల్లటి నీళ్లలో మూడూ 2,500కి దగ్గరగానే చూపించాయి. అసలు రంగు నీళ్లు మరిగాకే బయటపడింది. పాతది 400 కిందికి దిగనేలేదు. చవకది 260 దగ్గర ఆగిపోయింది. బాష్ 188. అందుకే చల్లగా ఉన్నప్పుడు కొలిచి "ఓకే" అనే మెకానిక్ మాట నేను నమ్మను.

కొత్తది పెట్టినా పని అయిపోలేదు. గ్లవ్‌బాక్స్ పైన కంప్యూటర్ ప్లగ్ విప్పి, సెన్సార్ రెసిస్టెన్స్‌ని వైరు ఆ చివర నుంచి కూడా కొలవాలి (ఇగ్నిషన్ ఆపేసి). సెన్సార్ దగ్గరున్న కనెక్టర్‌లో పచ్చటి చిలుం పట్టి, మాకు అక్కడే 300 ఓమ్‌లు అదనంగా వచ్చింది. చల్లటి ఇంజన్‌లో 2,500 మీద 300 అంటే పెద్ద తేడా తెలియదు. అదే 80 డిగ్రీల దగ్గర 320 కాస్తా 620 అవుతుంది, కంప్యూటర్ దాన్ని 60 డిగ్రీలనుకుంటుంది! కనెక్టర్ కూడా మార్చాక వాసన పోయింది, ప్లగ్గులు లేత గోధుమరంగుకి తిరిగాయి.

చవకదానికంటే బాష్ ధర బాగా ఎక్కువే, అయినా ఇక్కడ పిసినారితనం వద్దు. 19 నంబర్ స్పానర్ సరిపోతుంది, రాగి వాషర్ కొత్తది వేయండి. తర్వాత బండి ముందు భాగం కాస్త ఎత్తి, థర్మోస్టాట్ హౌసింగ్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి కూలెంట్ మాత్రమే వచ్చేదాకా గాలి తీయండి. సెన్సార్ దగ్గర గాలి నిలిచిపోతే ఎంత మంచి సెన్సారైనా తప్పే చెబుతుంది. పైగా ఈ ఇంజన్ అల్యూమినియం హెడ్ ఓవర్‌హీట్‌ని అస్సలు ఓర్చుకోదు.