మటూరా తాబేళ్ల గస్తీ: మూడు సీజన్లు చేశాక

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లోని మటూరా ఊరికి తాబేళ్ల కాపలాలో స్వచ్ఛంద సేవకు వెళ్లాలనుకునేవాళ్లు ఒక్కసారికే అనుకుని వెళ్లొద్దు. మొదటి ఏడు నేర్చుకోవడానికే సరిపోతుంది. రెండో ఏడు మళ్లీ వెళ్తేనే ఆ ఊరికి పనికొస్తారు.

అట్లాంటిక్ వైపున్న ఈ తీరానికి లెదర్‌బ్యాక్ అనే భారీ సముద్రపు తాబేళ్లు మార్చి నుంచి ఆగస్టు వరకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒకప్పుడు మాంసం కోసం వాటిని ఇక్కడే నరికేవారు. ఊరివాళ్లే 1990లో నేచర్ సీకర్స్ అనే సంఘం పెట్టుకుని, రాత్రిళ్లు కాపలా తిరిగి ఆ అలవాటు మాన్పించారు. సీజన్లో అటవీ శాఖ పర్మిట్ లేకుండా ఇసుక మీద అడుగు పెట్టకూడదు.

విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లు ఏరి కాపాడిన అనుభవం ఉన్నవాళ్లకు కూడా ఈ పని కొత్తగానే ఉంటుంది. రిడ్లే 40 కిలోల అటూఇటూ తూగితే, ఇది 300 కిలోలు దాటుతుంది. వీపు మీద గట్టి డిప్ప ఉండదు. తోలు కప్పిన ఏడు గట్లు ఉంటాయి. గుంత తవ్వేటప్పుడు వెనక తెడ్డుకాళ్లు వంతులవారీగా చేటలా ముడుచుకుని, లోపలి ఇసుకను తోడి పక్కన పోస్తాయి. ఆ సమయంలో దగ్గరికి పోతే పని వదిలేసి సముద్రంలోకి వెళ్లిపోతుంది. గుడ్లు పడటం మొదలయ్యాకే చెయ్యి పెట్టాలి. అప్పటినుంచి మనకు దొరికేది పది నిమిషాలే.

ముందు తాబేలు రెండు భుజాల మీదా స్కానర్ నెమ్మదిగా తిప్పి, చర్మం కింద చిప్ ఉందేమో చూడాలి. తర్వాత తోకకూ వెనక తెడ్డుకాలికీ మధ్య ఉండే చర్మపు మడతలో లోహపు ట్యాగ్ కోసం వెతకాలి. ఒకరు నంబరు చదివితే, రాసుకున్నవాళ్లు తిరిగి పైకి చదవాలి. ఎర్ర లైటు వెలుతురులో 3కీ 8కీ తేడా తెలియదు. అంకె తప్పితే పాత తాబేలు రికార్డులో కొత్తదైపోతుంది. ట్యాగ్ లేకపోతే మనమే వేయాలి. ప్లయర్ దవడల్లో ఇసుక ఉంటే ట్యాగ్ మొన సగమే దిగి అవతలివైపు వంగదు, నాలుగు రోజులకే ట్యాగ్ ఊడిపోతుంది. అందుకే వేశాక అవతలివైపు వేలితో తడిమి చూడాలి. కొలత టేపు నడిమి గట్టు మీదుగా కాదు, దాని పక్కనుంచి పోవాలి. తాబేలు గుంత కప్పెట్టడం మొదలుపెట్టాక దూరం జరగండి, ముందు తెడ్ల దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఫోన్ వెలుగు అస్సలు కూడదు. సాయంత్రం ఇసుక ఈగలు కుడతాయి కాబట్టి నిండు చేతుల చొక్కా, ప్యాంటు తప్పనిసరి. జూన్ నుంచి వానలు. ఇక్కడి సముద్రంలో ఈతకు దిగొద్దు. కరెంటు 115 వోల్టులు, సాకెట్లు అమెరికా రకం.

పసుపు జ్వరం టీకా మాత్రం మరవకండి. ట్రినిడాడ్ మన ప్రభుత్వం పెట్టిన పసుపు జ్వరం దేశాల జాబితాలో ఉంది. సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. వేయించుకున్న పది రోజులకు గానీ అది చెల్లదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.

రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి ఎర్ర గీత మ్యాక్సీ (షేర్ మినీబస్సు)లో శాంగ్రే గ్రాండే ఊరు, అక్కడినుంచి టాక్సీలో మటూరా. మ్యాక్సీ ఎక్కినా, కొట్లోకి అడుగు పెట్టినా ముందు పలకరించాలి. చీకటి పడ్డాక ఎదురైనప్పుడు కూడా 'గుడ్ నైట్' అనే అంటారు, అది వీడ్కోలు కాదు. పలకరించకుండా పని అడిగితే మర్యాద లేనివాళ్లనుకుంటారు. పలకరిస్తే మాత్రం ఇంటి మనిషిలా కూర్చోబెట్టి పెలావు (మాంసం కలిపి వండిన అన్నం) పెడతారు. శాంగ్రే గ్రాండేలో పొద్దున్నే దొరికే డబుల్స్ అంటే బారాల (నూనెలో వేయించిన మెత్తని రొట్టెల) మధ్య శనగల కూర. 1845 నుంచి కూలి ఓడల్లో వెళ్లిన భారతీయుల సంతతివారి వంటే అది. మిరప పచ్చడి 'స్లైట్' అంటే కొంచెమే వేస్తారు.

ఒక్కో తాబేలు సాధారణంగా రెండు మూడేళ్లకోసారి తిరిగొస్తుంది. మొదటి సీజన్లో మీ చేత్తో వేసిన ట్యాగ్, ఇసుక తుడిచి మీరే మళ్లీ చదవాలంటే కనీసం మూడో సీజన్ దాకా ఆ తీరానికి వెళ్తూ ఉండాలి.