నొటేషన్ పుస్తకంలోని సన్నని కాలమ్: మూడేళ్ల వాడకం తర్వాత

చదరంగం నేర్చుకోవడం నేను నలభై మూడో ఏట మొదలుపెట్టాను. ఆటలో ఇద్దరూ వేసిన ఎత్తులను వరుసగా రాసుకునే నొటేషన్ పుస్తకంలో ఎన్ని ఆటలు పడతాయి, ఎత్తులు ఎలా రాయాలి, ధర ఎంత అన్నవి టోర్నమెంట్లకు వెళ్లేవారందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. మూడేళ్లలో రెండు పుస్తకాలు నింపి మూడోదానిలో సగం దాటాక నేను చెప్పదలచుకున్నది, తెలుపు ఎత్తులకూ నలుపు ఎత్తులకూ పక్కనే, చిటికెన వేలంత వెడల్పున ఉండే ఇంకొక కాలమ్ గురించి. దాని తల మీద ‘సమయం’ అని అచ్చు వేసి ఉంటుంది. గడియారంలో మనకు మిగిలిన నిమిషాలను అక్కడ రాసుకోవాలి. నేను చూసినంతలో చాలామంది దానిని ఖాళీగా వదిలేస్తారు. మొదటి పది పన్నెండు ఆటల్లో నేనూ వదిలేశాను. ఆ తర్వాత, ఎవరో రాస్తున్నారని చూసి, అలవాటుగా రాయడం మొదలుపెట్టాను. అది నాకు ఏమి చూపించబోతోందో అప్పటికి నాకు తెలియదు.

గుంటూరులో పెద్ద వయసులో ఈ ఆట మొదలుపెట్టినవారికి ఎదురుగా కూర్చునేది ఎక్కువగా పిల్లలే. 2001లో గ్రాండ్‌మాస్టర్ అయిన పెంటేల హరికృష్ణ, 2011లో అయిన ద్రోణవల్లి హారిక పుట్టిన ఊరు ఇది. శని, ఆదివారాల్లో ఏ హాలులో పోటీ పెట్టినా బల్లలన్నీ బడి పిల్లలతో నిండిపోతాయి, గోడ వెంబడి తల్లిదండ్రులు టిఫిన్ డబ్బాలతో కూర్చుని ఉంటారు. అటువంటి ఒక పోటీలో, మనిషికి గంట సమయం, వేసిన ప్రతి ఎత్తుకూ గడియారంలో ముప్ఫై సెకన్లు కలిసే (దీనినే ఇంక్రిమెంట్ అంటారు) ఆటలో, పదకొండేళ్ల అమ్మాయి నాకు ప్రత్యర్థిగా వచ్చింది. నావి తెల్ల పావులు. ఇరవై మూడో ఎత్తులో, పదకొండు నిమిషాలు ఆలోచించి, కదలలేకుండా ఇరుక్కున్న ఆమె గుర్రాన్ని గెలుచుకున్నాను. అప్పటివరకు ఏ ఆటలోనూ అంత లోతుగా లెక్క వేసి ఒక పావును సంపాదించలేదు. ఆ అమ్మాయి నాలుగు నిమిషాలు బోర్డు వైపు చూసి ఏదో బంటును ఒక గడి ముందుకు నెట్టింది. డి6 గడిలో (అక్షరం నిలువు వరుసకు, అంకె అడ్డ వరుసకు గుర్తు) ఇంకొక బంటు కాపలా లేకుండా కనిపించింది. డి1లో ఉన్న ఏనుగుతో దానిని తిన్నాను. ఇ8లో ఉన్న ఆమె ఏనుగు నేరుగా ఇ1కి దిగింది. ఎఫ్2, జి2, హెచ్2 గడుల్లోని నా బంట్లను నేను అప్పటిదాకా కదిపి ఉండలేదు కనుక జి1లోని రాజుకు పారిపోవడానికి చోటు లేదు, మొదటి వరుసను కాచుకున్న ఏనుగును నేనే బయటికి పంపాను. ఆట అక్కడితో ముగిసింది.

చేయి కలిపాక ఆ అమ్మాయి ఏ గర్వమూ లేకుండా, “అంకుల్, గుర్రం తీసుకోగానే మీరు కుర్చీలో వెనక్కి వాలారు. ఇక ఇ1 చూడరనుకున్నాను,” అంది. ఇంటికి వచ్చి పుస్తకం తెరిచి చూస్తే సన్నని కాలమ్‌లో ఆ మాటకు సాక్ష్యం ఉంది. ఇరవై మూడో ఎత్తుకు ముందు మిగిలిన సమయానికీ, తర్వాతి సమయానికీ మధ్య పదకొండు నిమిషాల తేడా ఉంది. ఇరవై నాలుగో ఎత్తు దగ్గర మాత్రం అంతకుముందు ఉన్న దానికంటే సమయం పెరిగింది, అంటే ఇంక్రిమెంటుగా వచ్చిన ముప్ఫై సెకన్లను కూడా నేను వాడుకోలేదు.

మొదటి పుస్తకం నిండిన తర్వాత వానాకాలంలో ఒక ఆదివారం ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ప్రతి ఓటమిలోనూ ఆటను పోగొట్టిన ఎత్తు ఏదో కంప్యూటర్ సాయంతో గుర్తించి, దాని పక్కనున్న సమయానికి సున్నా చుట్టాను. కష్టమైన, చిక్కుముడి పడిన స్థితుల్లో నేను ఓడిపోతున్నానని అప్పటిదాకా నా నమ్మకం. అందుకే ఓపెనింగులూ (ఆట ఆరంభ దశ) ఎండ్‌గేములూ (ఆట చివరి దశ) చదువుతూ వచ్చాను. ఎర్ర సున్నాలు పడ్డ చోట్లు వేరుగా ఉన్నాయి. సగానికి పైగా ఓటముల్లో నేను ఏదో ఒకటి గెలుచుకున్న తర్వాతి రెండు మూడు ఎత్తుల్లోనే ఆట చేజారింది, అక్కడ నేను ఆలోచించిన కాలం అరనిమిషం కూడా లేదు. కష్టం వచ్చినప్పుడు నేను జాగ్రత్తగానే ఆడుతున్నాను. ఊపిరి పీల్చుకున్న చోట ఆట పోతోంది. నాకు లోటుగా ఉన్నది వ్యూహ జ్ఞానం ఒక్కటే కాదని, మనసు ‘అయిపోయింది’ అనుకునే క్షణం నాకు తెలియకుండానే గడిచిపోతోందని ఆ కాలమ్ తప్ప మరెవరూ నాకు చూపలేదు. చెప్పాలంటే, ఆ అమ్మాయి చూపింది.

ఇది నాబోటి కొత్తవారికే పరిమితమైన జబ్బు కాదని తర్వాత తెలిసింది. బిలాలిచ్, మెక్‌లాయిడ్, గోబె అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో బలమైన ఆటగాళ్ల కంటి చూపును యంత్రంతో గమనించారు. తాము మరింత మంచి ఎత్తు కోసం వెతుకుతున్నామని ఆటగాళ్లు చెబుతున్న సమయంలో కూడా వారి చూపు మొదట తట్టిన పరిష్కారానికి సంబంధించిన గడులకే తిరిగి తిరిగి వెళ్లింది. డి6లోని బంటు కనబడ్డాక నా కళ్లు ఇ నిలువు వరుస వైపు ఎందుకు వెళ్లలేదో అది చదివాక అర్థమైంది.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎదుటివారు ఎత్తు వేయగానే దానిని రాసి, తల ఎత్తి గడియారం చూసి, నా సమయాన్ని కాలమ్‌లో రాసి, పెన్ను బల్ల మీద పెట్టిన తర్వాతే ఆలోచన మొదలుపెడతాను. ఏదైనా గెలుచుకున్న మరుసటి ఎత్తుకైతే, అంకె రాశాక, ఎదుటివారు నా రాజు మీదికి ఇవ్వగలిగిన ప్రతి షానూ (చెక్) ఒకసారి చూసుకోకుండా పావు మీద చేయి వేయను. స్కోర్ షీటు (పోటీలో ఎత్తులు రాసే కాగితం) మీద ఎత్తులు, గడియారం సమయాలు, డ్రా ప్రతిపాదనలు, క్లెయిములకు సంబంధించిన వివరాల వంటివి తప్ప సొంత నోట్సు రాసుకోకూడదని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అయిన ఫిడే నిబంధన ఉంది. ఆట మధ్యలో ‘తొందరపడకు’ అని రాసుకోవడం కుదరదు గానీ, సమయం రాసుకోవడానికి అడ్డు లేదు. అనుమతి ఉన్న ఆ ఒక్క అంకె నాకు ఆ హెచ్చరిక పని చేసిపెడుతోంది.

రెండేళ్ల కిందట బ్రాడీపేటలోని మా ఆట మిత్రులకు ఈ పుస్తకం గురించి చెప్పినప్పుడు, ఇది నా ఆటను పూర్తిగా మార్చేసిందన్నాను. ఆ మాటను ఇప్పుడు కొంత తగ్గించుకోవాలి. గెలిచిన ఆటను పోగొట్టుకోవడం బాగా తగ్గింది. గెలిచే స్థితికి చేరడం మాత్రం ఈ కాలమ్ నేర్పదు, దానికి బోర్డు ముందు కూర్చుని కసరత్తు చేయవలసిందే. వేయబోయే ఎత్తును ముందే రాసుకుని, ఆపైన కొత్తవాడి కళ్లతో బోర్డును మళ్లీ చూడమని కూడా అప్పట్లో వారికి చెప్పాను. రష్యా ఆటగాడు బ్లూమెన్‌ఫెల్డ్ పేరు మీద ప్రచారంలో ఉన్న ఆ సూత్రం ఎంతో విలువైనది, కానీ డ్రా క్లెయిము చేసేటప్పుడు తప్ప ఎత్తును ముందుగా రాయడాన్ని ఫిడే 2005 నుంచి నిషేధించింది. విజయవాడలో ఒక పోటీలో ఆర్బిటర్ (పోటీ నిర్ణేత) హెచ్చరించేవరకు ఆ సంగతి నాకు తెలియదు. ఆ అలవాటును ఇప్పుడు ఇంట్లో సాధనకే ఉంచుకున్నాను.

పుస్తకం మీద నాకున్న నిజమైన ఫిర్యాదు మరొకటి ఉంది. వరుసల మధ్య ఎడం మరీ తక్కువ, వరుస సంఖ్యలు ఆవగింజంత, కాగితం చెమటకు సిరాను పీల్చి వ్యాపింపజేస్తుంది. గుంటూరు వేసవిలో అరచేయి తడి ఆరదు, జెల్ పెన్ను అయితే ఇక చెప్పనక్కరలేదు. ఆ విజయవాడ పోటీలోనే నాలుగో రౌండులో, ఒక బంటు తక్కువగా ఏనుగుల ఎండ్‌గేము ఆడుతూ, ఒకే స్థితి మూడోసారి రాబోతోందని (అలా వస్తే డ్రా అడగవచ్చు) నా పుస్తకం చూసి నమ్మాను. వేయబోయే ఎత్తు రాసి, గడియారం ఆపి, ఆర్బిటర్‌ను పిలిచి డ్రా అడిగాను. రెండు స్కోర్ షీట్లనూ పక్కపక్కన పెట్టి సరిచూస్తే అసలు సంగతి బయటపడింది. అలుక్కుపోయిన ఒక వరుసను నేను రాయలేదనుకుని, అదే జత ఎత్తులను కింది వరుసలో మళ్లీ రాశాను. ఆ స్థితి వచ్చేది రెండోసారి మాత్రమే. నిబంధన ప్రకారం ప్రత్యర్థికి రెండు నిమిషాలు అదనంగా కలిపారు, రాసిన ఎత్తును నేను వేసి తీరవలసి వచ్చింది. ఆ ఎత్తు డ్రా కోసం ఎంచుకున్నదే గానీ ఆట కోసం కాదు. మరో పద్నాలుగు ఎత్తులకు ఓడిపోయాను. ఆ సాయంత్రం బస్సు కృష్ణా వారధి దాటుతున్నంతసేపూ ఒళ్లో ఆ పేజీ తెరుచుకునే ఉన్నాను. ఇప్పుడు బాల్ పెన్నుతోనే రాస్తున్నాను, ముంజేతి కింద జేబురుమాలు మడిచి వేసుకుంటున్నాను, అయిదు ఎత్తులకొకసారి ప్రత్యర్థి గడియారం నడుస్తున్నప్పుడు వరుస సంఖ్యను సరిచూసుకుంటున్నాను. ఇవన్నీ నేను చేసుకున్న ఏర్పాట్లు, పుస్తకం ఇచ్చినవి కావు.

ఇది ఎవరికి పనికివస్తుందంటే నా పరిస్థితి నుంచే చెప్పగలను. నెలకు ఒకటి రెండు పోటీలకు వెళ్లే ఉద్యోగస్థుడిని, ఎత్తుకు ముప్ఫై సెకన్లు కలిసే నిదానమైన ఆటలే ఆడతాను, పిల్లల్లా వందల ఆటలు ఆడి తప్పులు దిద్దుకునే తీరిక లేదు కనుక ఆడిన కొద్ది ఆటల నుంచే నేర్చుకోవాలి. ఫోనులో మూడు నిమిషాల ఆటలు ఆడేవారికి దీనితో పనిలేదు. చిన్నపిల్లలకు కొనిచ్చేవారు ఆ కాలమ్ గురించి వారిని ఒత్తిడి పెట్టకపోవడమే మంచిదనిపిస్తుంది, ఎత్తులు తప్పులేకుండా రాయడమే వారికి మొదట్లో పెద్ద పని. ఎడమచేతి వాటం వారు మాత్రం స్పైరల్ తీగ మణికట్టుకు గుచ్చుకుంటుందేమో కొనేముందు తెరిచి చూసుకోవాలి. నేనైతే నాలుగో పుస్తకం కొంటాను. వరుసల మధ్య ఇంకాస్త ఎడం ఉండి, సమయం కాలమ్ కూడా ఉన్నది వేరే ఎక్కడైనా దొరికితే ఇది వదిలి దానికి మారతాను.