తెల్లకర్రతో పదకొండేళ్లు

నాలుగు మడతలుగా మడిచే అల్యూమినియం తెల్లకర్ర వాడటం మొదలుపెట్టి పదకొండేళ్లు దాటింది, ఇప్పుడు చేతిలో ఉన్నది మూడోది. చూపు తగ్గుతున్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఏ కర్ర కొనాలని అడుగుతూ ఉంటారు కాబట్టి రాస్తున్నా. ముందే చెప్పేస్తాను, కర్ర ఏదైనా ఫర్వాలేదు, నేర్పే మనిషిని వెతుక్కోండి.

నాకు రేచీకటితో మొదలై, పక్కచూపు పోయి, ముప్పై దాటేసరికి ఎదురుగా ఉన్నది కూడా మసకబారింది. మొదటి కర్ర గుంటూరులో ఒక సభలో ఇచ్చారు. స్టేజీ మీదికి పిలిచి, చేతిలో పెట్టి, ఫొటో తీసుకుని పంపించేశారు, దాన్ని ఎలా పట్టుకోవాలో ఒక్కరూ చెప్పలేదు. విజయవాడ వచ్చిన మూడో రోజే సింగ్‌నగర్‌లో మా వీధి చివర సైడు కాలువలో కాలు పడి మోకాలి చిప్ప దగ్గర చీరుకుపోయింది. కర్ర బీరువా మీదికెళ్లిపోయింది, దాదాపు ఏడాది తమ్ముడి భుజం పట్టుకునే తిరిగాను.

తర్వాత ఎవరో చెబితే గవర్నర్‌పేటలో రెండు గదుల్లో నడిచే ఒక చిన్న సేవాసంస్థకి వెళ్లాను. అక్కడ నేర్పే మాస్టారికి పుట్టుకతోనే చూపు లేదు. నా కర్రని నేల మీద నిలబెట్టి, చేత్తో నా ఛాతీ దాకా తడిమి, "ఇది నీకు జానెడు పొట్టి, అందుకే కాలువ నీకంటే ముందు కర్రకి తెలియలేదు బాబూ" అన్నారు. పొడవైనది ఇచ్చి మూడు వారాలు రోజూ గంటన్నర నడిపించారు. కుడికాలు ముందుకేస్తే మొన ఎడమవైపు తాకాలి, ఎడమకాలికి కుడివైపు. కర్ర చూసేది ఇప్పుడేస్తున్న అడుగుని కాదు, తర్వాత పడబోయే అడుగుని. చెప్పడానికి ఇంతే, కాళ్లకి అలవాటు కావడానికి పది రోజులు పట్టింది, భయం పోవడానికి ఇంకా ఎక్కువే.

కర్ర కథ కూడా నాకు నడుస్తూనే చెప్పారు. 1921లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ప్రమాదంలో చూపు పోయిన జేమ్స్ బిగ్స్ అనే ఫొటోగ్రాఫర్, ఇంటి చుట్టూ బళ్ల రద్దీకి భయపడి, తన చేతికర్రకి తెల్లరంగు వేసుకున్నాడట. 1930 ప్రాంతంలో అమెరికాలో లయన్స్ క్లబ్బులు, 1931లో పారిస్‌లో ఒక మహిళ దాన్ని ఊళ్లకి ఊళ్లు పాకించారు. అయితే అప్పటిదాకా ఆ రంగు ఎదుటివాళ్ల కోసమే. రెండో ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికులకి నేర్పుతూ రిచర్డ్ హూవర్ కర్రని పొడవు చేసి, అటూ ఇటూ ఊపి నేలని తెలుసుకునే పద్ధతి పెట్టాకే అది మన కోసం పనిచేయడం మొదలైంది. నాకు గుంటూరులో ఇచ్చింది హూవర్‌కి ముందటి కర్ర అన్నమాట, ఆ మాట విన్న రోజు చాలా బాధనిపించింది.

ఇప్పుడు చెవులే సగం పని చేస్తాయి. తారు రోడ్డు మీద మొన గరగరమంటుంది, కాలువ మీద సిమెంటు పలక రాగానే డొల్లగా 'టంగు' మంటుంది, ఆ చప్పుడు తర్వాత ఒక్క అడుగు ఆగి రెండుసార్లు తట్టి చూస్తాను, పలక విరిగిపోయిన చోటు అక్కడే ఉంటుంది.

లోపాలూ ఉన్నాయి. నైలాన్ మొన మన రోడ్లకి నాలుగైదు నెలల్లో అరిగిపోతుంది, కొనేటప్పుడే రెండు మూడు అదనంగా తీసుకోండి. లోపలి ఎలాస్టిక్ రెండేళ్లకి సాగిపోయి కీళ్లు వదులవుతాయి. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, నడుము పైన ఉన్నది దీనికి తెలియదు. బీసెంట్ రోడ్డులో వేలాడే బోర్డులు, ఆగి ఉన్న లారీ వెనక బయటికి వచ్చిన ఇనుప చువ్వలు నుదుటికే తెలుస్తాయి. ఢిల్లీ ఐఐటీ వాళ్లు చేసిన స్మార్ట్‌కేన్ 2014లో వచ్చింది, అల్ట్రాసౌండ్‌తో ఎదురుగా ఉన్నదాన్ని ముందే పట్టి పిడి వణుకుతుంది. స్నేహితుడిది తీసుకుని నెల వాడాను. ఖాళీ వీధిలో చాలా బాగుంది, రద్దీలో మాత్రం ఆగకుండా వణుకుతూనే ఉండి టెన్షన్ పెట్టింది. మామూలు కర్ర చేతికొచ్చాకే అది తీసుకోండి.

రెండో కర్ర 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో పోయింది. నీళ్లొస్తుంటే పైకి ఎక్కేశాం, అది కింద మంచం పక్కనే ఉండిపోయింది. నీళ్లు తీశాక తమ్ముడు తెచ్చిస్తే కీళ్లనిండా బురద గట్టిపడి మడత విప్పుకోలేదు. మాస్టారు ఫోన్ చేసి, వారంలో కొత్తది పట్టుకుని ఆటోలో తానే వచ్చారు. ఇచ్చేసి వెళ్లిపోతారనుకున్నాను. "మీ వీధి మారిపోయి ఉంటుంది, పద" అని కిందికి దింపారు. పలకలు కొట్టుకుపోయిన చోట్లన్నీ ఆయన కర్రతో ఒక్కొక్కటే తట్టి వినిపించి, ఇంటి నుంచి ఫ్లైఓవర్ దాకా నాలుగుసార్లు నడిపించాకే ఆటో ఎక్కారు.