పాత సీలింగ్ ఫ్యానుతో స్పిన్ డై బల్ల: కిరణాలకు భేష్, రింగులకు కేకు స్టాండే మేలు

డిస్క్ గోల్ఫ్ అంటే ప్లాస్టిక్ పళ్ళెం లాంటి డిస్కును గొలుసుల బుట్టలోకి విసిరే ఆట. ఆ డిస్కులకు స్పిన్ డై వేయాలంటే, అంటే డిస్కును తిప్పుతూ రంగు ఎక్కించాలంటే, నెల్లూరు, ఒంగోలు వైపు తేలిగ్గా సమకూరే సాధనాలు రెండు. ఒకటి బేకరీ వాళ్ళు వాడే, చేత్తో తిప్పే కేకు స్టాండు. రెండోది రెక్కలు పీకి తలకిందులు చేసిన సీలింగ్ ఫ్యాన్ మోటారు. ఈ సమీక్ష ఎక్కువగా ఆ ఫ్యాను బల్ల గురించే. రంగును మధ్య నుంచి అంచు దాకా కిరణాల్లా చిమ్మించడానికి, పాత ఇనుప సామాను ధరలో దాన్ని మించింది దొరకదు. నిదానంగా గుండ్రటి గీతలు గీయడానికి మాత్రం అది పనికిమాలినది.

సీలింగ్ ఫ్యానులో వైండింగు, ఇరుసు కదలవు, బయటి డొల్ల తిరుగుతుంది. తలకిందులు చేస్తే ఆ డొల్లే చదునైన బల్ల అవుతుంది, రెక్కల బోల్టు రంధ్రాలు ప్లైవుడ్ చక్రం బిగించడానికి పనికొస్తాయి. పుల్లీ, బెల్టు అక్కర్లేదు. అంతకన్నా ముఖ్యం, ఇందులో కార్బన్ బ్రష్‌లు లేవు. స్పిన్ డై ద్రావణంలో అసిటోన్ ఉంటుంది, దాని ఆవిరి మైనస్ 20 డిగ్రీల దగ్గరే నిప్పు అందుకోగలదు. మిక్సీ, డ్రిల్లు, కుట్టుమిషను మోటార్లలో బ్రష్‌ల దగ్గర రవ్వలు పుడతాయి. డ్రిల్లుకు డిస్కు తగిలించి తిప్పే వీడియోలు చూసి అదే చేయబోయేవాళ్ళు ఈ ఒక్క కారణానికైనా ఆగాలి. ఫ్యాను స్విచ్చు కూడా రవ్వ కొడుతుంది. అసిటోన్ ఆవిరి గాలికన్నా రెండింతలు బరువు కాబట్టి నేలబారునే పేరుకుంటుంది. అందుకని స్విచ్చు, రెగ్యులేటరు బల్లకు దూరంగా, నడుము కన్నా ఎత్తులో ఉండాలి. తలుపులు, కిటికీలు తెరిచే పని చేయాలి.

బల్ల అదిరితే గీతలన్నీ వంకర్లు పోతాయి. దీనికి చీమకుర్తి గెలాక్సీ రాయి ముక్కను మించిన అడుగు లేదు. అడుగున్నర చదరం, 20 మి.మీ. మందం ఉన్న ముక్క దాదాపు 12 కిలోలు తూగుతుంది. పాలిషు చెడినదైనా, మూల విరిగినదైనా ఫరవాలేదు. ఇనుప రేకుకు గొట్టం ముక్క వెల్డింగు చేయించి, రేకును రాతికి ఎపాక్సీతో అతికించి, ఇరుసును గొట్టంలో దింపి అడ్డబోల్టు వేయాలి. వైర్లు ఇరుసు లోంచే వస్తాయి గనక గొట్టం పక్కన గాడి కోయించడం మరవకూడదు, ఇది మరిస్తే మొత్తం విప్పాల్సిందే. తిప్పినప్పుడు గీర శబ్దం వస్తే బేరింగులు మార్చాలి. బయల్దేరడానికే బద్ధకిస్తే కెపాసిటర్ చెడిందని అర్థం. మామూలుగా అది 2.5 మైక్రోఫారడ్లది, ఏ ఎలక్ట్రికల్ అంగట్లోనైనా ఉంటుంది. ఎర్త్ వైరు తప్పనిసరి. డొల్ల మీద ద్రావణం కారకుండా చక్రం కింద బోర్లించిన స్టీలు పళ్ళెం, చుట్టూ అడుగు కోసిన ప్లాస్టిక్ టబ్బు పెట్టాలి.

డిస్కును పట్టి ఉంచే చక్రం దగ్గరే చాలామంది తడబడతారు. డిస్కు బయటి వ్యాసం 21 సెం.మీ. చిల్లర ఉన్నా, చక్రం మాత్రం డిస్కు లోపలి అంచుకు సరిపోవాలి. దూరం విసిరే డిస్కైన డ్రైవర్‌కు అంచు వెడల్పు ఎక్కువ, లోపల 17 సెం.మీ. దగ్గర ఉంటుంది. బుట్ట దగ్గర నుంచి విసిరే పట్టర్‌కు 19 దాకా వస్తుంది. రెండు చక్రాలు కోయించి, అంచుకు తలుపు సందులకు అంటించే స్పాంజి పట్టీ చుడితే డిస్కు బిగుతుగా కూర్చుంటుంది. తిరుగుతున్న చక్రం మీద పెన్సిలు ఆనిస్తే కేంద్రం ఎటు జరిగిందో గీతే చెబుతుంది.

ఇక అసలు లోపం. 16 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న ఫ్యాను మోటారు 50 హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి 375 చుట్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది. రెక్కలుంటే గాలి బరువు వల్ల రెగ్యులేటరు మాట వింటుంది. రెక్కలు తీశాక ఆ భారం లేదు, రెగ్యులేటరు మూడులో పెట్టినా రెండులో పెట్టినా వేగం పెద్దగా తగ్గదు. రెగ్యులేటరు చెడిందని కొత్తది కొనడం దండగ. రేకు తెడ్లు బిగించి గాలి బరువు పెంచవచ్చు గానీ అవి దుమ్ము లేపుతాయి, తడి రంగు మీద ఆ దుమ్మంతా కూర్చుంటుంది. మేలైన పద్ధతి, పూర్తి వేగం అందుకున్నాక స్విచ్ ఆపేసి, డొల్ల తన బరువుకు నెమ్మదిస్తూ ఉండగా పని చేయడం.

వేగం ఎందుకంత ముఖ్యమంటే, 375 చుట్ల దగ్గర కేంద్రానికి 10 సెం.మీ. దూరంలో చుక్కను బయటికి లాగే బలం దాని బరువుకు 16 రెట్లు. గ్రామఫోను వేగమైన 45 దగ్గర అదే బలం బరువులో పావు వంతు కూడా ఉండదు. మొదటిది కిరణం, రెండోది రింగు. సరిగ్గా కేంద్రం మీద మాత్రం ఏ వేగంలోనూ లాగే బలం లేదు, అక్కడ వేసిన చుక్క మరకై కూర్చుంటుంది. ఒక సెంటీమీటరు పక్కన వేయాలి. కుంచె వాడితే బల్లకు కుడివైపు పట్టాలి. ఫ్యాను పైనుంచి చూస్తే అపసవ్యంగా తిరుగుతుంది, కుడివైపు ఉపరితలం మన నుంచి దూరంగా పోతూ కుంచెను తనతో లాక్కెళ్తుంది, పొడుచుకోదు.

రంగు విషయంలో పాటూరు, చీరాల మగ్గాల కోసం నూలు రంగులు అమ్మే అంగళ్ళలో అడిగేటప్పుడు జాగ్రత్త. నూలుకు వాడే రియాక్టివ్, వ్యాట్ రంగులు డిస్కు మీద నిలవవు. పాలిస్టర్‌కు వాడే డిస్పర్స్ రంగే కావాలి. డిస్కు కూడా అందుకు తగ్గది ఉండాలి. ఇన్నోవా కంపెనీ ఛాంపియన్, స్టార్, డిస్‌క్రాఫ్ట్ కంపెనీ జెడ్ లాంటి ఖరీదైన ప్లాస్టిక్ రంగు పీల్చుకుంటుంది. ఇన్నోవా డీఎక్స్ లాంటి చౌక రకం పీల్చదు. అల్టిమేట్ (జట్లుగా ఆడే ఫ్రిస్బీ ఆట) ఆడే 175 గ్రాముల డిస్కు మీద ప్రయోగాలు అనవసరం.

కిరణాలకు మొదలుపెట్టదగ్గ పాళ్ళు: అసిటోన్ 20 మి.లీ., ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 30 మి.లీ., రంగుపొడి 2 గ్రాములు. పది నిమిషాలు తేరనిచ్చి సన్నటి బట్టలో వడకట్టాలి. ఆ పొడిలో రంగుతో పాటు కలిపిన పదార్థాలు అసిటోన్‌లో కరగవు, వడకట్టకపోతే నల్లటి నలకలు పడతాయి. థర్మోకోల్ కప్పులో కలిపితే కప్పే కరిగిపోతుంది, గాజు సీసా వాడాలి. డిస్కును అంట్లు తోమే సబ్బుతో కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి, ఆపైన వేలు పెట్టకూడదు. పైన మెరుపు ముద్ర ఉంటే దాని కింద రంగు ఎక్కదు, అసిటోన్ గుడ్డతో ముందే తీసేయాలి. ఒక డిస్కుకు 5, 6 మి.లీ. చాలు. ఆరాక సబ్బునీళ్ళతో కడిగాకే రెండో రంగు వేయాలి.

మే ఎండల్లో ద్రావణం అంచు చేరకముందే ఆవిరైపోయి కిరణం మధ్యలోనే చుక్కలుగా తెగుతుంది. అప్పుడు ఆల్కహాల్ పాలు పెంచాలి. కార్తీక మాసపు వానల్లో ఇబ్బంది వేరు: అసిటోన్ ఆవిరవుతూ డిస్కును చల్లబరిస్తే గాలిలోని తేమ దాని మీద దిగి తెల్లటి పొగమంచులా మసకేస్తుంది. అసిటోన్ తగ్గించి చూడాలి, తగ్గకపోతే ఆ రోజుకు మానుకోవడమే. ఏ కాలంలోనైనా అసిటోన్ సగం దాటితే డిస్కు మెరుపు చెడుతుంది. నలుపు రంగు చాలావరకు వేర్వేరు రంగుల కలయిక. చిమ్మినప్పుడు ఒక్కోటి ఒక్కో దూరం పోయి అంచుల్లో నీలం, ఊదా తేలతాయి. కొందరికి అదే నచ్చుతుంది.

కేకు స్టాండుతో ఇంత రభస లేదు. రింగులకు నిమిషానికి 40, 50 చుట్లు చేత్తోనే వస్తాయి. వడ్రంగుల తెల్ల జిగురుకు కొంచెం నీళ్ళు కలిపి పళ్ళెంలో పోసి, రంగు చుక్కలు వేసి, స్టాండు తిప్పుతూ పుల్లతో గీసి, దాని మీద డిస్కును బోర్లించి ఒక రోజు వదిలేసే పద్ధతికీ ఇదే చాలు. అసిటోన్ లేదు కాబట్టి పిల్లలున్న ఇంట్లో ఈ దారే మంచిది.

పోటీలకు వెళ్ళేవాళ్ళకు అనుమానం అక్కర్లేదు. డిస్క్ గోల్ఫ్ పోటీల నియమాలు పెట్టే సంఘం పీడీజీఏ నిబంధన అభ్యంతరపెట్టేది చేతికి తెలిసేంత మందంగా పూసిన పెయింటుకు. డై ప్లాస్టిక్ లోపలికి ఇంకుతుంది, పైన మందం ఉండదు.

కరెంటు కుమ్మరి సారె కొనదలచినవాళ్ళకు వేగం మీద పట్టు బాగా దొరుకుతుంది, కానీ చౌక రకాల్లో బ్రష్ మోటారు ఉండవచ్చు. ఆ సంగతి అడిగి తెలుసుకోకుండా దాని పక్కన అసిటోన్ సీసా మూత తీయకూడదు.