డైమండ్ పార్క్ దగ్గర ఫిజిక్స్ ట్యూషన్: ఎముక మీద స్ట్రెస్, స్ట్రెయిన్ ఇంత బాగా చెప్పడం నేను చూళ్లేదు

మా పాప ఇంటర్ బైపీసీ, నీట్‌కి చదువుతోంది. ఘనపదార్థాల యాంత్రిక ధర్మాలు చాప్టర్ (స్ట్రెస్ అంటే వస్తువు మీద యూనిట్ వైశాల్యానికి పడే బలం, స్ట్రెయిన్ అంటే దాంతో అది అసలు పొడవులో ఎన్నో వంతు సాగిందో కుంగిందో) కాలేజీలో అయిపోయింది గానీ ఫార్ములాలు అప్పజెప్పడం తప్ప బుర్రకి ఏమీ ఎక్కలేదు, అందుకే విశాఖ ద్వారకానగర్‌లో ఈ ట్యూషన్‌కి తీసుకెళ్లా. డెమో క్లాసులో పేరెంట్స్‌ని కూడా కూర్చోనిస్తారు.

సారు ముందు రెండు కోడి బొమికలు బల్ల మీద పెట్టారండి. ఒకటి కొన్ని రోజులు వెనిగర్‌లో నానబెట్టింది, కాల్షియం అంతా కరిగిపోయి వంచితే రబ్బరులా వంగుతోంది. రెండోది బాగా కాల్చింది, కొల్లాజెన్ అనే ప్రోటీన్ మాడిపోయి వేలితో నొక్కగానే పొడిపొడి అయిపోయింది, పిల్లలందరూ లేచి నిలబడి మరీ చూశారు. గట్టిదనం కాల్షియం లాంటి ఖనిజం ఇస్తుంది, పుటుక్కున విరక్కుండా కొల్లాజెన్ కాస్తుంది అని అప్పుడు చెప్పారు.

తర్వాత ఎన్‌సీఈఆర్‌టీలో ఉండే సర్కస్ పిరమిడ్ లెక్క. కింద పడుకున్న మనిషి రెండు కాళ్ల మీద కలిపి 220 కేజీలు, తొడ ఎముక పొడవు 50 సెంటీమీటర్లు, వ్యాసార్థం 2 సెంటీమీటర్లు, యంగ్ గుణకం (ఎంత ఎక్కువుంటే సాగదీయడం, కుంగదీయడం అంత కష్టం) 9.4 గిగాపాస్కల్స్. ఒక్కో ఎముక కుంగేది 0.0455 మిల్లీమీటర్ అంతే! అక్కడితో ఆపేస్తారనుకున్నా, కానీ ఈ లెక్కలో ఎముకని లోపల ఖాళీ లేని కడ్డీ అనుకున్నాం, నిజానికి మధ్యలో మజ్జ ఉంటుంది, బయటి గట్టి పొర ఒక్కటే తీసి నిలువుగా కొలిస్తే యంగ్ గుణకం 17 నుంచి 20 గిగాపాస్కల్స్ దాకా వస్తుంది, అడ్డంగా కొలిస్తే ఇంకా తక్కువ, స్టీలుకైతే 200 అని విడమరిచి చెప్పారు. నాకు బాగా నచ్చింది ఇదే.

ఎముక నొక్కుడుకి తట్టుకున్నంత లాగుడుకి తట్టుకోదట, మెలితిప్పితే ఇంకా వీక్. అందుకే వంగినప్పుడు సాగే వైపు నుంచే పగులు మొదలవుతుందని, ఆటలో పాదం నేలలో ఇరుక్కుని ఒళ్లు తిరిగితే కాలి ఎముక మెలికగా విరుగుతుందని బోర్డు మీద బొమ్మలేసి చూపించారు. మా పాప ఇంటికొచ్చి వాళ్ల నాన్నకి అదంతా మళ్లీ చెప్పింది.

లోటు ఏంటంటే బిట్లు తక్కువ చేయిస్తారు, నీట్ స్పీడుకి ఇంట్లో విడిగా ప్రాక్టీస్ ఉండాల్సిందే. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్లొచ్చు, గాజువాక వాళ్లకి మాత్రం దూరం. బండి పెట్టుకోడానికి సందులో చోటు లేదు, సాయంత్రం బ్యాచ్ అయితే పిల్లల్ని దింపేసి వెళ్లిపోవడమే బెటర్.