సైకిల్‌కి వెనక అద్దం, ఎర్ర లైటు: బందర్ రోడ్డు మీద చాలాకాలం వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. సైకిల్‌కని కొన్నవాటన్నిటిలో నాకు ఎక్కువ అక్కరకొచ్చింది హ్యాండిల్‌కి బిగించుకునే వెనక అద్దం. ఎర్ర లైటు దాని తర్వాతే. అద్దానికి అయిదుకి నాలుగున్నర ఇస్తాను, లైటుకి మూడు. ఈ తేడా ఎందుకో చెప్పాలంటే వస్తువుల గురించి కంటే మన బెజవాడలో బళ్లు నడిపేవాళ్ల గురించే ఎక్కువ రాయాల్సి వస్తుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

నా దారి కానూరు నుంచి గవర్నర్‌పేట దాకా బందర్ రోడ్డే. ఆటోనగర్ గేటు దగ్గర లారీలు, పటమట దగ్గర షేర్ ఆటోలు, బెంజ్ సర్కిల్ దగ్గర అన్నీ. హైవే మీద పోయే బళ్లు ఇప్పుడు ఫ్లైఓవర్ ఎక్కేస్తున్నాయి కాబట్టి కింద కొంచెం ఊపిరాడుతోంది, నిజమే, కానీ కాస్త ఖాళీ దొరికితే చాలు యాక్సిలరేటర్ తొక్కేవాళ్లు ఎక్కువయ్యారు. ఆదివారాలు ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి వైపు పోతుంటాను. 1957లో పూర్తయిన బ్యారేజీ అది, రోడ్డు ఇరుకు. లారీలు, బస్సులు రావు గానీ కార్లు, బైకులు రాసుకుంటూ పోతుంటాయి, సైకిల్ మీద ఉన్నవాడు పక్కకి జరుగుదామన్నా చోటుండదు.

ఇక అద్దం సంగతి. మూడు నాలుగు వందల్లో మంచిదే వస్తుంది. చదును అద్దం, ఉబ్బెత్తు అద్దం అని రెండు రకాలున్నాయి, నేను రెండూ వాడాను. చదునుదాంట్లో దూరం ఉన్నదున్నట్టు తెలుస్తుంది గానీ రోడ్డు సన్నటి ముక్కే కనిపిస్తుంది, కుడిపక్క నుంచి ఎక్కేసి వచ్చేవాడు తెలియడు. ఉబ్బెత్తుదాంట్లో రోడ్డంతా కనిపిస్తుంది, కాకపోతే వెనక బండి ఉన్నదానికంటే చిన్నగా, దూరంగా అనిపిస్తుంది. అలవాటయ్యేదాకా ఇబ్బందే. ఒక లెక్క గుర్తు పెట్టుకుంటే చాలు: గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకి దాదాపు 14 మీటర్లు వస్తుంది, 15 కిలోమీటర్ల వేగంతో తొక్కే మనం నాలుగు మీటర్లు పోతాం. అంటే 50 మీటర్ల వెనకున్న కారు అయిదు సెకన్లలో మన పక్కనుంటుంది. అద్దం మనకిచ్చేది ఆ అయిదు సెకన్లే. అద్దం లేకపోతే తల వెనక్కి తిప్పాలి, తల తిప్పితే సైకిల్ కూడా అటే లాగుతుంది, ఆ కాసేపట్లో ముందున్న గుంత కనపడదు.

అద్దంలో చూడగా చూడగా ఫోనులో మునిగిపోయి నడిపేవాణ్ణి దూరం నుంచే పోల్చుకోవడం వచ్చేసింది. కారు నిదానంగా ఎడమకి జారుతూ వస్తుంది. ఇక డ్రెయిన్ అంచు తగులుతుందనగా ఒక్కసారి కుడికి సర్దుకుంటుంది, మళ్లీ జారడం మొదలు. స్పీడు నిలకడగా ఉండదు, ముందు రోడ్డు ఖాళీగా ఉన్నా తగ్గుతుంది, అంతలోనే ఊరికే పెరుగుతుంది. సందెవేళ, ఇంకా ఎవరూ హెడ్‌లైట్లు వేయని మసక వెలుతురులో అయితే ఆ మనిషి గడ్డం మీద ఫోను వెలుగు కూడా కనిపిస్తుంది. బైకుల వాళ్లయితే మెడ ఒక పక్కకి వంచి భుజానికి ఫోను ఆనించుకునో, హెల్మెట్‌లోకి ఇరికించుకునో వస్తారు, ఆ వంకర మెడతో పక్కకి తిరిగి చూడటం వాళ్ల వల్ల కాదు. హ్యాండిల్‌కి ఫోను బిగించుకుని మ్యాప్ చూస్తూ పోయే డెలివరీ కుర్రాళ్ల మీద నాకు అంత కోపం లేదు, వాళ్ల టెన్షన్ వాళ్లది. ఏసీ కారులో కూర్చుని రీల్స్ చూసుకునేవాడికి ఏం తొందరొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

లబ్బీపేటలో ఒక సాయంత్రం సరిగ్గా అలాంటి కారే అద్దంలో కనపడింది. రెండోసారి ఎడమకి జారడం చూసి ఇక ఆలోచించకుండా పక్కనున్న షాపు ర్యాంపు మీదకి ఎక్కించేశాను. అంతసేపూ నేను తొక్కుతున్న తెల్ల గీత మీదుగానే పోయింది కారు. బ్రేకు వేయలేదు, హారన్ కొట్టలేదు, డ్రైవరు తల ఎత్తలేదు. అక్కడ ఒక సైకిల్ ఉందనీ, దిగిపోయిందనీ ఆ మనిషికి తెలియనే తెలియదు. నా వెనక లైటు అప్పుడు వెలుగుతూ ఆరుతూ దాని పని అది చేస్తూనే ఉంది.

లైటుకి మూడే ఇచ్చింది అందుకే. లైటు తప్పు కాదు, దాన్ని చూసేవాడు ఉంటేనే అది పనికొస్తుంది. 50 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు మెసేజ్ వైపు చూస్తే కారు 40 మీటర్లకి పైగా చూపు లేకుండా పోయినట్టే, ఆ 40 మీటర్లలో ఎంత పెద్ద లైటు పెట్టుకున్నా ఒకటే. బ్లూటూత్‌లో మాట్లాడుతున్నాం కదా, చేతులు ఖాళీయే కదా అంటారు కొందరు. చేతులు ఖాళీ, బుర్ర ఖాళీ కాదు కదండీ. గొడవ పడుతూ మాట్లాడేవాడి కళ్లు రోడ్డు మీదున్నా ధ్యాస ఇంకెక్కడో ఉంటుంది.

అలాగని లైటు మానేయొద్దు. చూసేవాళ్లకి కనపడటం కూడా ముఖ్యమే, ముఖ్యంగా వానల్లో. నాది ఛార్జింగ్ లైటు. మొదట్లో బాగానే ఉండేది, తర్వాత ఛార్జింగ్ కన్నానికుండే రబ్బరు మూత వదులైంది, వానాకాలంలో లోపలికి చెమ్మ చేరి ఒక వారం మొరాయించింది. మన ఎండలకి బ్యాటరీ కూడా తొందరగా నీరసపడుతుంది, సైకిల్ ఎండలో నిలబెడితే లైటు తీసి జేబులో వేసుకోవడం మంచిది. బిగించేటప్పుడు వెనక కారియర్ మీద బ్యాగు పెడితే కనపడుతుందో లేదో చూసుకోండి.

దూకుడుగా నడిపేవాళ్లది ఇంకో రకం. వాళ్లు మనల్ని చూస్తారు, చూసే చేస్తారు. వెనకే అంటుకుని హారన్ మోగిస్తూనే ఉండటం, ఓవర్‌టేక్ చేసి వెంటనే మన ముందు ఎడమకి కట్ కొట్టి సందులోకి తిరగడం, ప్యాసింజర్ చెయ్యెత్తాడని ఆటో మన చక్రం ముందే ఆపేయడం. వెనక నుంచి వచ్చేవాళ్లు అద్దంలో ముందే కనపడతారు కాబట్టి గుండె దడ తగ్గింది, కానీ వాళ్లు పక్కనుంచి పోయేటప్పుడు జానెడు దూరం కూడా వదలకపోతే అద్దం ఏం చేస్తుంది? జర్మనీలో 2020 నుంచి సైకిల్‌ని దాటేటప్పుడు ఊళ్లో మీటరున్నర, ఊరి బయట రెండు మీటర్లు వదలాలని రూల్ ఉంది. మన దగ్గర ఒక చెయ్యి చాపినంత వదిలినా నాకు చాలు.

లారీల విషయంలో మాత్రం అద్దం మీద ఆధారపడొద్దు. ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రి ఒకాయన ఒకసారి నన్ను లారీ కేబిన్‌లో డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, నా సైకిల్ తీసుకెళ్లి ఎడమ ముందు చక్రం పక్కన పట్టుకుని నిలబడ్డాడు. "కనపడుతున్నానా?" అని అరిచాడు. మాట వినపడుతోంది, మనిషీ లేడు, సైకిలూ లేదు. ముందుకి వంగి మెడ చాపితే తల పైభాగం కొంచెం కనపడింది. మన బళ్లలో డ్రైవర్ కుడిపక్క కూర్చుంటాడు కదా, ఎడమ ముందు మూల మొత్తం ఆయనకి చీకటే. అప్పట్నుంచి సిగ్నల్ దగ్గర లారీకీ బస్సుకీ ఎడమపక్కన నిలబడను, వెనకే ఆగుతాను. ఎడమకి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలికి కోసుకుంటూ వస్తాయి, అక్కడ ఇరుక్కుంటే బయటపడే దారి ఉండదు.

ఆపి ఉన్న కార్ల తలుపులు కూడా అద్దానికి అందని ప్రమాదమే. వెనక చూడకుండా ధడాలున తీస్తారు. కారున్న వాళ్లు ఒక్క పని చేయండి, కుడి తలుపుని ఎడమ చేత్తో తీయండి. భుజం దానంతటదే తిరుగుతుంది, వెనక వచ్చేవాడు కనపడతాడు. డచ్ రీచ్ అంటారు దీన్ని, పైసా ఖర్చు లేదు.

చట్టం లేక కాదు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో 2019 సవరణతో చేతిలో ఫోను పట్టుకుని నడపడాన్ని కూడా ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చారు, మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు కూడా వేయొచ్చు. హెల్మెట్ లేనివాణ్ణి ఆపుతున్నారు, చూస్తూనే ఉన్నాను, మంచిదే. ఫోను పట్టుకున్నవాణ్ణి ఆపడం మాత్రం నాకెప్పుడూ కనపడలేదు. కేంద్ర ప్రభుత్వ లెక్కల్లోనే 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. కానూరు వైపు నుంచి తెల్లారకముందే పాలు, పేపర్లు వేసుకుని వచ్చేవాళ్లందరివీ సైకిళ్లే, వాళ్లలో ఎవరికీ లైటూ లేదు, అద్దమూ లేదు. నాకు భయమంతా వాళ్ల గురించే.

కొనేవాళ్లకి రెండు ముక్కలు. మనం రోడ్డుకి ఎడమపక్క తొక్కుతాం కాబట్టి అద్దం కుడి హ్యాండిల్‌కే బిగించండి. పొడుగు కాడ ఉన్నది గతుకుల్లో వణుకుతుంది, ఏమీ కనపడదు, పొట్టిది తీసుకోండి. గేర్ సైకిళ్లకే అని షాపుల్లో చెబుతారు, నమ్మొద్దు, క్లాంపు రకం అయితే మామూలు స్టీలు హ్యాండిల్‌కీ పడుతుంది. స్క్రూలకి వానాకాలం ముందు ఒక చుక్క నూనె వేయకపోతే తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. అర మార్కు తగ్గించింది స్టాండులో పెట్టినప్పుడల్లా పక్క బండి తగిలి అద్దం తిరిగిపోతోందని, మళ్లీ కొనాల్సొస్తే మడత పడేదే కొంటాను.