పన్నెండేళ్ల పిల్లలకు ముందు ఏది చూపించాలి: చిహిరో కథా, మే కథా, కానర్ కథా?

ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే నన్ను అందరూ అడిగేది ఒకటే ప్రశ్న. ఎంవీపీ కాలనీ నుంచి ఒకరు, గాజువాక నుంచి ఒకరు, మధురవాడ నుంచి ఇంకొకరు. "మా పాపకు పన్నెండు నిండాయండీ. కార్టూన్లు పెడితే నేనేం చిన్నపిల్లనా అంటోంది. పెద్దవాళ్ల సినిమాలు మేం పెట్టలేం. మాయలూ దెయ్యాలూ ఉంటే మాత్రం కళ్లార్పకుండా చూస్తుంది. ఏది పెట్టమంటారు?" సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు సినిమాలు వేస్తుంటానని తెలిసినవాళ్లు అడిగే మాట ఇది. చాలామంది ముందే వెతుక్కుని మూడు పేర్ల దగ్గర ఆగి ఉంటారు: స్పిరిటెడ్ అవే, టర్నింగ్ రెడ్, ఎ మాన్‌స్టర్ కాల్స్. మూడూ మంచి సినిమాలే. కానీ మూడూ ఒకే పిల్లకు, ఒకే వారంలో చూపించాల్సినవి కావు.

నేను ముందు చూసేది ఒక్కటే. ఆ మాయ పిల్లల పనిని తానే చేసిపెడుతోందా, పిల్లల చేత చేయిస్తోందా? బొమ్మలు ఎలా ఉన్నాయి, భయం ఎంత, పాటలున్నాయా అన్నవి ఆ తర్వాతే. విశాఖ పిల్లలకు ఇలాంటి కథ అనగానే గుర్తొచ్చేవాడు ప్రహ్లాదుడు. సింహాచలం వెళ్లిన ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుకుంటారు. తండ్రి ఆ పసివాణ్ణి సముద్రంలో తోయించాడు, కొండ మీంచి పడదోయించాడు, స్వామి వచ్చి కాపాడాడు. అది భక్తి కథ. మొదట్లో ప్రహ్లాదుడు ఎంత గట్టిగా ఉన్నాడో చివర్లోనూ అంతే గట్టిగా ఉంటాడు, దారి తప్పినవాడు తండ్రి. పెరిగే పిల్లల కథలో మారవలసింది ఆ పిల్లలే. అక్కడ ఎవరో దిగివచ్చి కష్టం తీర్చేస్తే ఇక పెరగడానికేమీ మిగలదు.

ఈ లెక్కన స్పిరిటెడ్ అవేకి వంక పెట్టడం కష్టం. హయావో మియాజాకి 2001లో తీసిన ఈ జపాన్ సినిమాకు 2003లో ఆస్కార్ వచ్చింది. పదేళ్ల చిహిరో కొత్త ఊరికి మారుతోంది, ఆ మారడం తనకు ఇష్టం లేదు. దారిలో అమ్మానాన్నలు తమది కాని తిండి తిని పందులైపోతారు. ఆ పిల్ల దేవతలు స్నానానికి వచ్చే ఒక పెద్ద స్నానశాలలో చిక్కుకుంటుంది. హాకు అనే కుర్రాడు తనకు ఇచ్చే సలహా మంత్రం కాదు, ఆయుధం కాదు. యజమానురాలు యుబాబా ఎంత భయపెట్టినా పని కావాలని అడుగుతూనే ఉండమంటాడు, అంతే.

బాయిలర్ గది సీన్ ఒక్కటి జాగ్రత్తగా చూడండి. మసి ఉండల్లాంటి బుల్లి జీవాలు బొగ్గు మోస్తుంటాయి. ఒకటి బరువు కింద చితికిపోతే చిహిరో ఆ బొగ్గు ఎత్తుకుంటుంది. ఎత్తుకున్నాక ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోతుంది. బాయిలర్ తాత, మొదలుపెట్టిన పని పూర్తి చెయ్యమని గద్దిస్తాడు. అప్పుడు కాళ్లు తడబడుతూ పొయ్యి దాకా వెళ్లి ఆ బొగ్గు వేసి వస్తుంది. కాసేపటికి తనను పైకి తీసుకెళ్లే లిన్, ఆ తాతకు థాంక్స్ చెప్పావా అని కసురుతుంది. నీళ్ల గ్లాసు కూడా చేతికి అందించే ఇళ్లలో పెరిగిన మన పిల్లలు ఆ సీన్‌లో కదలకుండా కూర్చోవడం చాలాసార్లు చూశాను.

మన ఊరి పిల్లలకు బాగా తగిలేది ఇంకొకటి ఉంది. కంపు కొడుతూ వచ్చిన ఒక దేవుడి ఒంట్లోంచి చిహిరో పాత సైకిల్ లాగుతుంది, దాని వెనకే గుట్టల కొద్దీ చెత్త వస్తుంది. చూస్తే అది ఒక నది. హాకు కూడా నదే, అపార్ట్‌మెంట్లు కట్టడానికి పూడ్చేసిన నది. గెడ్డ అంటే మురుక్కాలువ అనుకుంటూ పెరుగుతున్న సిటీ పిల్లలకు, గెడ్డంటే ఒకప్పుడు కొండల మీంచి దిగిన మంచినీళ్లని చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

ఇబ్బంది ఏమిటంటే, నిడివి రెండు గంటలు దాటుతుంది. చివరి అరగంటలో నీళ్ల మీద రైలు ప్రయాణం, యుబాబా అక్క ఇల్లు వచ్చేసరికి కొందరు పిల్లలు దారి తప్పుతారు. ఆపి వివరించకండి. అర్థం కానిదాన్ని అర్థం కాకుండానే చూడనివ్వండి, రెండోసారి వాళ్లే పెట్టుకుంటారు.

టర్నింగ్ రెడ్ 2022లో వచ్చింది. డోమీ షి దర్శకత్వం, పిక్సార్ నిర్మాణం. కథ 2002 నాటి టొరంటోలో. మే అని పిలిచే పదమూడేళ్ల మేయ్‌లిన్‌కు కోపమొచ్చినా సిగ్గేసినా ఆనందం పట్టలేకపోయినా పెద్ద ఎర్ర పాండా అయిపోతుంది. అది ఆ ఇంటి ఆడవాళ్లకు వంశపారంపర్యంగా వస్తున్నదే. అమ్మా అమ్మమ్మా పిన్నులూ అందరూ తమ పాండాను పూజ చేసి నగల్లో బంధించేసుకున్నారు. ఇప్పుడు ఈ పిల్ల వంతు. పెద్దమనిషి అయ్యే వయసులో పిల్లలో వచ్చే మార్పుకే ఆ పాండా గుర్తు.

కూతురు పెద్దమనిషి అయిందని టెంటు వేసి, ఫ్లెక్సీ కట్టి, నాలుగు వందల మందికి భోజనాలు పెట్టి, ఆ పిల్లతో మాత్రం ఒక్క మాటా మాట్లాడని ఇళ్లు మనకు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో అమ్మా కూతురూ పక్కపక్కన కూర్చుని చూడాల్సిన సినిమా ఇది. అన్నదమ్ములుంటే వాళ్లనూ కూర్చోబెట్టండి, గది బయటికి పంపకండి. వెదురు తోటలో తన తల్లి ఒక చిన్నపిల్లగా ఏడుస్తూ కనిపించినప్పుడు మే ఆమె చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. సినిమా మొత్తానికి ఆ రెండు నిమిషాలు చాలు. కానీ ఆ చోటుకు చేరే ముందు స్టేడియంలో పెద్ద హడావిడి ఉంటుంది, ఆ గోలలో గొడవ తొందరగా సర్దుకుపోయినట్టు నాకు అనిపిస్తుంది. తన పాండాను తనతోనే ఉంచుకుంటానని మే తేల్చుకోవడం బాగుంది, అది తన నిర్ణయం. అయితే దానికి తను చెల్లించిన ఖరీదు చిహిరో చెల్లించినంత కాదు.

ఎ మాన్‌స్టర్ కాల్స్ పేరు చెప్పగానే తల్లిదండ్రులు వెనక్కి తగ్గుతారు. "అమ్మకు క్యాన్సర్ అట కదా, పిల్లలకెందుకండీ అది?" నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇక్కడే.

ఈ కథ ఊహ షివాన్ డౌడ్ అనే రచయిత్రిది. ఆమె క్యాన్సర్‌తో 2007లో పోయారు. ఆ ఊహను ప్యాట్రిక్ నెస్ 2011లో నవలగా రాశారు, సినిమాకు స్క్రీన్‌ప్లే కూడా ఆయనదే. దర్శకుడు జె. ఎ. బయోనా, సినిమా 2016లో వచ్చింది. కానర్ అనే కుర్రాడి ఇంటికి రాత్రి పన్నెండు దాటి ఏడు నిమిషాలకు ఒక యూ చెట్టు రాక్షసుడై నడిచి వస్తుంది. నేను మూడు కథలు చెబుతాను, నాలుగోది నువ్వు చెప్పాలి, అది నీ నిజం కావాలి అంటుంది.

అమ్మకు ఆఖరుగా ఇచ్చే మందు కూడా యూ చెట్టు నుంచి తీసిందే. ఇది కథ కోసం కల్పించింది కాదు. ప్యాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ అనే క్యాన్సర్ మందులు నిజంగానే ఆ జాతి చెట్ల నుంచి వచ్చాయి. దాంతో కానర్ ఆశ పెట్టుకుంటాడు. ఈ చెట్టు అమ్మను బతికించడానికే వచ్చిందనుకుంటాడు. మందు పనిచెయ్యదు. నిలదీస్తే రాక్షసుడు, తాను నయం చెయ్యడానికి వచ్చింది నిన్నేనంటాడు. మాయ ఉన్న సినిమాల్లో ఇంత నిజాయితీగా చెయ్యలేనని చెప్పిన మాయ నాకు మరొకటి కనిపించలేదు. పక్కన కూర్చుని వాడి చేత నిజం చెప్పించడమే అది చేసేది.

ఆ నిజం ఏమిటంటే, అమ్మ బతకాలని కోరుకుంటూనే, ఇదంతా ఇక అయిపోతే బాగుణ్ణు అని కూడా వాడు అనుకున్నాడు. అనుకున్నందుకు తనను తాను క్షమించుకోలేడు. అందుకే అమ్మమ్మ ముందుగది మొత్తం ధ్వంసం చేస్తాడు, బడిలో ఒకణ్ణి ఆసుపత్రి పాలు చేస్తాడు. రెండుసార్లూ నాకు శిక్ష వెయ్యరా అని అడుగుతాడు. వేసి ఏం లాభం అంటారు పెద్దవాళ్లు. సినిమా అయ్యాక మా మూడో అంతస్తు కుర్రాడు అడిగిన మొదటి మాట, "ఆంటీ, వాణ్ణి ఎవరూ ఎందుకు కొట్టలేదు?" అని. దాని మీదే ఆ రాత్రి పిల్లలు గంటసేపు మాట్లాడుకున్నారు. దెబ్బలు తింటే బాధ తగ్గుతుందని వాడు అనుకున్నాడేమో అని వాళ్లలో ఒక పిల్ల అంది.

మన ఇళ్లలో ఏం జరుగుతుందో చూడండి. నానమ్మకో నాన్నకో పెద్ద జబ్బని తెలుస్తుంది. "పరీక్షలున్నాయి, పిల్లలకు చెప్పకండి" అంటారు. ఫోన్లు బాల్కనీలోకి వెళ్లిపోతాయి. స్కానింగ్ కవర్లు బీరువా మీదికి ఎక్కుతాయి. ఊరి నుంచి అమ్మమ్మ బ్యాగుతో దిగుతుంది, ఎన్నాళ్లుంటావంటే చెప్పదు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి కేజీహెచ్‌కీ అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికీ వచ్చి ఇక్కడి బంధువుల ఇళ్లలో దిగేవాళ్లను ఈ ఊరి పిల్లలు చిన్నప్పటి నుంచీ చూస్తుంటారు. వాళ్లకు అన్నీ తెలుసు. తెలిసినట్టు ఒప్పుకోవడానికే ఎవరూ చోటివ్వరు. కానర్ కథ ఆ చోటు ఇస్తుంది. చిహిరో పని చెయ్యడం నేర్చుకుంది, మే తనను తాను దాచుకోకపోవడం నేర్చుకుంది. కానర్ చేసింది వాటన్నిటికంటే కష్టం. నలుగురికీ చెప్పుకోలేని ఆలోచన తనకు వచ్చిందని నోరు తెరిచి ఒప్పుకున్నాడు.

మిగతావి. పాన్స్ ల్యాబిరింత్, లెట్ ది రైట్ వన్ ఇన్ రెండింట్లోనూ ముఖ్యపాత్రలు పిల్లలే, కానీ ఆ రక్తపాతం పిల్లలకు వద్దు. మీరు చూడండి. యువర్ నేమ్ పదిహేనేళ్లు దాటాక బాగుంటుంది. హిందీ వచ్చిన పిల్లలకు విశాల్ భరద్వాజ్ మక్డీ హాయిగా నడుస్తుంది. అందులో కవలలుగా చేసిన శ్వేతా బసు ప్రసాదే తర్వాత మన కొత్త బంగారు లోకంలో హీరోయిన్.

పదేళ్ల పిల్లలకైతే స్పిరిటెడ్ అవే, సందేహం లేదు. అమ్మా కూతుళ్లకు రోజూ గొడవలవుతుంటే టర్నింగ్ రెడ్. పన్నెండు నిండి, కాస్త నెమ్మదిగా నడిచే సినిమా చూడగలిగే పిల్లలకు నేను పెట్టేది ఎ మాన్‌స్టర్ కాల్స్. ముందు మీరు ఒక్కరే ఒకసారి చూడండి. ఇంట్లో ఇప్పుడు ఎవరికైనా బాగోలేకపోతే, సినిమా పెట్టే ముందే ఆ జబ్బు పేరు పిల్లలకు మీ నోటితో చెప్పండి. ఆ సంగతి వాళ్లకు తెర మీద చూస్తే తెలియకూడదు. మర్నాడు బడో ట్యూషనో లేని రోజు చూసుకోండి, ఎందుకంటే పిల్లలు మాట్లాడేది సాధారణంగా మర్నాడే.